మూతి వంకరపోయిన సంక్రాంతి

2017 ముక్కనుమ నాడు పొద్దున్న పళ్ళు తోముకుని, పుక్కిలిద్దామని నోట్లో నీళ్ళు పోసుకుంటే ఎడమ పక్కనుంచి ధారగా కారిపోయాయి. మళ్ళీ పోసుకున్నాను. మళ్ళీ అంతే. ముందు రోజు రాత్రి పందేల బరి దగ్గర పన్నెండింటి దాకా మంచులో నిలబడ్డాను కదా, దవడ పట్టేసిందేమో అనుకున్నాను. అద్దంలో చూస్తే మొహం సగమే నాది. ఎడమ కన్ను ఎంత మూసినా మూతపడదు. మూతి కుడి చెవి వైపు జరిగిపోయింది.

వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడ ముందు నిలబడ్డాను. ఆవిడ పెనం మీద నుంచి తలెత్తి ఒకసారి చూసి, "పండగ పూట ఎవర్నండీ వెక్కిరిస్తున్నారు?" అంది. మళ్ళీ అట్టు తిరగేసుకుంది.

ఆవిడ తప్పేం లేదు. పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళయింది. నేను మూతి తిప్పానంటే ఎవరో ఒకరి మూతి అయ్యుంటుంది. మా పురోహితుడు గారి ముక్కుతో మాట, బ్యాంకులో క్యాషియరు నత్తి, మా పెద్దబావగారు కుంటుకుంటూ వచ్చి కుర్చీ లాక్కోవడం, అన్నీ చేసి చూపించేవాణ్ణి. "కాదే, నిజంగానే" అందామని నోరు తెరిచాను. మాట రాలేదు, చొంగ వచ్చింది. అది చొక్కా మీద పడ్డాక గానీ ఆవిడ నమ్మలేదు. ఆ పూట అట్టు మాడిపోయింది.

మండపేటలో ఒక రైస్ మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాగా చేశాను. సార్వా, దాళ్వా, రెండు మాసూళ్ళకీ బస్తాల లెక్క, కాటా చీటీలు, తవుడు లెక్క, నూక లెక్క, జట్టు కూలీల బట్వాడా, అన్నీ నా బల్ల మీదే. ఊళ్ళో మాత్రం లెక్కలకి కాదు, ఎటకారానికి పేరు. సాయంత్రం మిల్లు దాటి టీ కొట్టు దగ్గరికి వచ్చానంటే నలుగురు కుర్చీలు దగ్గరికి జరుపుకునేవారు. "ఆయ్, గుమాస్తా గారొచ్చారు, ఇంక కానివ్వండి" అనేవారు. ఆ "కానివ్వండి" కోసమే బతికానంటే అబద్ధం కాదు.

గోదావరి నీళ్ళలోనే ఎటకారం ఉందని మా వాళ్ళకి గర్వం. నేనూ ఆ గర్వాన్ని అడ్డం పెట్టుకున్నవాణ్ణే. ముళ్ళపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరం. జంధ్యాల నరసాపురం. అల్లు రామలింగయ్య పాలకొల్లు. రాజబాబు రాజమండ్రి. హాస్యబ్రహ్మ అనిపించుకున్న భమిడిపాటి కామేశ్వరరావు గారు రాజమండ్రిలో బడిపంతులు. ఇంతమంది పుట్టిన గడ్డ మీద నేనొక మాట అంటే తప్పేంటి అనేవాణ్ణి. వాళ్ళ పుస్తకాలూ సినిమాలూ కొంచెం శ్రద్ధగా చూసుంటే తెలిసేది. ముళ్ళపూడి వారి బుడుగు పెద్దవాళ్ళ మీద నవ్విస్తాడు, వాడు చిన్నవాడు కాబట్టి చెల్లింది. మొక్కపాటి వారి బారిష్టరు పార్వతీశం మొగల్తూరు నుంచి ఇంగ్లండు దాకా తన తెలివితక్కువతనం తనే చెప్పుకుంటాడు. నేను మిల్లులో బల్ల ముందు కూర్చుని, బల్లకి అవతల నిలబడ్డవాడి మీద నవ్వించాను.

2005 సార్వా మాసూళ్ళప్పుడు నాకు సాయంగా ఒక కుర్రాణ్ణి పెట్టారు. పక్క ఊరివాడు, డిగ్రీ చదివాడు, దస్తూరీ ముత్యాల్లా ఉండేది. ఒకటే ఇబ్బంది, చేతులు చెమట పట్టేవి. మామూలు చెమట కాదు. కాటా చీటీ ఇస్తే తడిసిపోయేది, పుస్తకంలో సిరా పాకిపోయేది. జేబురుమాలు అరచేతికి చుట్టుకుని రాసేవాడు.

ధాన్యం కొనేటప్పుడు తేమ చూస్తారని రైతుబిడ్డలందరికీ తెలుసు. 17 శాతం దాటితే గొడవే. ఒకరోజు పదిమంది రైతులు ఉండగా ఆ తేమ మీటరు తీసి, "ధాన్యం సంగతి తరవాత చూద్దాం, ముందు మావాడి చేతిలో పెట్టండి, ఎంత చూపిస్తుందో" అన్నాను. మిల్లు మిల్లంతా నవ్వింది. అందరికన్నా ముందు నవ్వింది ఆ కుర్రాడే. ఆ రోజు నుంచి అతని పేరు 'తేమ'. రైతులు వచ్చి "తేమ గారున్నారా అండీ?" అని అడిగేవారు. జట్టు మేస్త్రి "తేమా, చీటీ రాయి" అనేవాడు. అతను నవ్వుతూనే రాసేవాడు. వాడే నవ్వుతున్నాడు కదా, ఇంక బాధేముంది అనుకున్నాను.

నాలుగు నెలలకి రావడం మానేశాడు. నెలాఖరున జీతం డబ్బులకి వాళ్ళ నాన్న వచ్చాడు. కోపంగా ఏం లేడు. చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. "మావోడికి సెమట జబ్బండి. కాకినాడలో సూపిత్తన్నామండి. నలుగుర్లో ఉంటే, బెదురుంటే ఇంకా ఎక్కువవుద్దంటండి. ఇక్కడికొచ్చాకా మరీ ఎక్కువైపోనాదండి." నేను నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను. లెక్క సరిపోయిందో లేదో చూసుకోమన్నాను. ఇంకో మాట అనలేదు.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర, ఆ పెద్దాయన చేతులు కట్టుకుని మాట్లాడిన తీరు చేసి చూపించాను. బాగా నవ్వారు.

ఈ ముక్క రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇంక రెండోది. అది ఇంట్లోది.

మా ఆవిడది అర్తమూరు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ నవ్వు ఎలా ఉండేదంటే, ముందు ఊపిరి ఆగిపోయినట్టు రెండు క్షణాలు చప్పుడు ఉండదు. భుజాలు మాత్రం ఊగుతాయి. తరవాత ఒక్కసారి బద్దలవుతుంది. పక్కన ఎవరుంటే వాళ్ళ తొడ మీదో భుజం మీదో చరుస్తుంది. కళ్ళ నీళ్ళు తుడుచుకుని "అయ్యో రామా" అంటుంది. అయిపోయిందనుకుంటే మళ్ళీ మొదలు. అందులో జోకంటూ ఏమీ ఉండక్కర్లేదు. మేక గోడ మీద నుంచి తొంగిచూసినా చాలు.

1989లో మా మరదలి పెళ్ళి బట్టలకి ద్వారపూడి వెళ్ళాం. బట్టలకి ద్వారపూడి పేరు మీకు తెలిసిందే. కొట్టులో అమ్మే కుర్రాడు చీర తన ఒంటికే చుట్టుకుని, పైట వేసుకుని చూపిస్తున్నాడు. సన్నటి మీసం, నుదుట విభూతి, పైన కంచిపట్టు. సరిగ్గా అప్పుడే యజమాని అటు నుంచి "ఒరేయ్, గోడౌన్‌లోంచి రెండు మూటలు దింపు" అని కేక వేస్తే, వాడు ఆ పైటతోనే కంగారుగా పరిగెత్తాడు. మా ఆవిడ బద్దలైంది. కొట్టులో ఉన్న ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఆ కుర్రాడు కూడా గుమ్మం దగ్గర ఆగి పైట చూసుకుని పకపకా నవ్వాడు. నాకొక్కడికే తలకొట్టేసినట్టయింది. కొత్త అల్లుణ్ణి, పక్కన మామగారున్నారు, తెలిసిన రైతులు ఇద్దరు బయట నిలబడి చూస్తున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అన్నాను. "నవ్వు నాలుగు విధాల చేటని మీ ఇంట్లో చెప్పలేదా?"

ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసి, నిజంగానే తెలుసుకుందామని, "ఆ నాలుగూ ఏంటండీ?" అని అడిగింది.

నాకు తెలీదు. ఈ సామెత వాడిన వాళ్ళని చాలామందిని తరవాత అడిగాను. లెక్కపెట్టి నాలుగూ చెప్పినవాణ్ణి ఇంకా చూడలేదు. కానీ ఆ రోజు "ఎదురు ప్రశ్నలొకటా" అన్నాను. దాంతో ఊరుకోకుండా, నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదనే ఇంకో సామెత కూడా తగిలించాను. మన సామెతలు చాలావరకు మంచివే. కొన్ని మాత్రం ఎవరి నోరో మూయించడానికి ఎవరో తయారుచేసుకున్నవి.

ఒక్కరోజులో ఆగిపోలేదు ఆ నవ్వు. ముందు పైట చెంగు నోటికి అడ్డం వచ్చింది. తరవాత వంటింట్లోకి వెళ్ళి నవ్వి వచ్చేది. తరవాత వంటింట్లోంచి కూడా వినపడలేదు. ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియనే తెలియదు. అదీ అసలు తప్పు. రోజూ పదిమందిని నవ్వించి వచ్చేవాణ్ణి, ఇంటికొచ్చాక చెప్పులు విడిచి పేపరు తీసేవాణ్ణి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు కదా, అచ్చం అదే.

భరతముని నాట్యశాస్త్రంలో నవ్వుని ఆరు రకాలు చేసి, తలా రెండు పంచాడు. స్మితం, హసితం ఉత్తములకి. విహసితం, ఉపహసితం మధ్యములకి. కళ్ళ నీళ్ళొచ్చేలా, భుజాలూ తలా ఊగేలా నవ్వే అపహసితం, డొక్కలు పట్టుకుని గట్టిగా నవ్వే అతిహసితం అధములకి. ఆ లెక్కన మా ఆవిడ అధమపాత్ర, పెదవి కదపకుండా పక్కవాణ్ణి కోసేసే నేను ఉత్తమపాత్ర. రంగస్థలం మీద ఎవరెలా నవ్వాలో చెప్పడానికి ఆయన చేసిన లెక్క అది, కొంపలో అమలు చెయ్యమని కాదు. అయినా శాస్త్రం చదవకుండానే మా ఇళ్ళల్లో అమలవుతోంది.

సరే, మూతి సంగతికి వస్తాను.

వీధిలో అందరూ పక్షవాతం అన్నారు. మా బావమరిది ఏదో ఊళ్ళో పసరు పోస్తారు, మూడు ఆదివారాలు వెళ్తే చాలన్నాడు. ఆ రోజంతా దీని మీద చర్చలతోనే గడిచిపోయింది. అదీ నా తెలివితక్కువే. మర్నాడు రాజమండ్రిలో డాక్టరు గారు చూడగానే "కనుబొమలు పైకెత్తండి" అన్నారు. ఎత్తాను. నుదుటి మీద కుడివైపు ముడతలు పడ్డాయి, ఎడమవైపు నున్నగా పలకలా ఉండిపోయింది. "మంచిదే" అన్నారాయన. నాకేం అర్థం కాలేదు. మెదడులో దెబ్బతగిలి వచ్చే పక్షవాతంలో సాధారణంగా నుదురు కదులుతుందట. నుదురుతో సహా ఒకవైపంతా పడిపోయిందంటే మొహానికి వచ్చే ఏడో కపాల నరం దగ్గర వాపు. బెల్స్ పాల్సీ అంటారు, చార్లెస్ బెల్ అనే స్కాట్లాండు వైద్యుడి పేరు మీద. స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల లోపు మొదలుపెడితే మంచిదట. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుందన్నారు. కన్ను మూతపడదు కాబట్టి పగలు చుక్కలు, రాత్రి రెప్పకి ప్లాస్టరు. ఈ ఒక్క ముక్క మాత్రం చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. మూతి వంకరపోతే అది ఏదో తేల్చాల్సింది వీధివాళ్ళు కాదు. నిజంగా పక్షవాతమే అయితే గంటలు కూడా విలువే. నేను ఒక రోజు పారేశాను, అదృష్టం బాగుండి నడిచిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలోంచి హోమియో కాలేజీ బోర్డు కనపడింది. డాక్టర్ అల్లు రామలింగయ్య ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల. ఆయన హోమియో వైద్యం కూడా చేసేవారు. తెర మీద మూతి ఇన్ని వంకరలు తిప్పి జనాన్ని నవ్వించిన మనిషి పేరు ఒక వైద్య కళాశాలకి ఉండటం ఎన్నిసార్లు చూసినా నాకు మామూలుగానే ఉండేది. ఆ రోజు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చూశాను.

వారం తరవాత మిల్లుకి వెళ్ళాను. కాటా దగ్గర జట్టు కూలీలు లేచి నిలబడ్డారు, పాపం, మర్యాదగానే పలకరించారు. నేను గదిలోకి వెళ్ళి కూర్చున్నాక గోడ అవతల నుంచి వినపడింది. "వన్‌సైడు వచ్చాడ్రా." నవ్వులు.

పేరు బాగుంది. నేను పెట్టినా అంతకన్నా బాగా పెట్టలేను. బయటికి వెళ్ళి, "వన్‌సైడు గాడికి టీ తెప్పించండ్రా" అన్నాను, నవ్వుతూ. అందరికన్నా ముందు నేనే నవ్వాను. నవ్వి గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాక అరచేతులు చూసుకున్నాను. తడిగా ఉన్నాయి. పన్నెండేళ్ళ కింద ఆ కుర్రాడు అందరికన్నా ముందు ఎందుకు నవ్వాడో అప్పుడు తెలిసింది. దెబ్బ తగలకముందే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అది. దాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. మర్నాడు యజమాని ఫోను చేశారు, పాత బాకీ ధాన్యం ఎంత అని. ప, బ, మ, ఈ మూడూ రెండు పెదాలూ కలిస్తేనే పలుకుతాయని చిన్నప్పుడు చదివాను గానీ, వాటి విలువ అప్పటిదాకా తెలీదు. పసిపిల్లలకి మొదట వచ్చే అక్షరాలు అవే, నాకు అవే పోయాయి. "పదిహేను బస్తాలు పంపాం బాబూ" అనాలి. "ఫదిహేను వస్తాలు ఫంఫాం వావూ" అని వచ్చింది. ఆయన "ఎవరొస్తారు?" అన్నారు. నేను "వస్తాలు! వస్తాలు!" అని అరిచాను. ఆయన "ఎప్పుడొస్తారు?" అన్నారు.

వెనకాల చప్పుడు లేదు. తిరిగి చూస్తే మా ఆవిడ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. భుజాలు ఊగుతున్నాయి. రెండు క్షణాలు. తరవాత బద్దలైంది.

ఇరవై ఎనిమిదేళ్ళ తరవాత అదే నవ్వు. తొడ చరుచుకుంది, అది చాలక నా భుజం చరిచింది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "నవ్వుతావేంటే, నా వాధ నీకు…" అన్నాను. ఆ 'వాధ' విని ఆవిడ నేల మీద కూర్చుండిపోయింది. ఫోనులో యజమాని "హలో హలో" అంటున్నారు. నాకు కూడా వచ్చేసింది. సగం మొహంతోనే నవ్వాను. కుడివైపు నవ్వుతుంటే ఎడమవైపు ఊరికే చూస్తోంది. ఎడమ కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అది మూతపడక కారుతోందో, ఇంకెందుకో నేను చెప్పలేను.

కాసేపయ్యాక "ఇన్నాళ్ళూ ఎందుకు నవ్వలేదే?" అని అడిగాను.

కళ్ళు తుడుచుకుంటూ, "ఆ నాలుగూ ఏంటో మీరు చెప్తారేమోనని చూస్తున్నానండీ" అంది.

గోడ అవతల విన్నదీ నవ్వే, గుమ్మం దగ్గర విన్నదీ నవ్వే. రెండూ నా మూతి మీదే. ఒకటి విని తలుపు వేసుకున్నాను, ఇంకోటి విని తెరుచుకున్నాను. తేడా ఏంటని చాలా రోజులు ఆలోచించాను. కూలీలు నేను కనపడగానే ఆపేశారు. ఆవిడ నేను కనపడుతుండగానే నవ్వింది, నన్నూ అందులోకి లాక్కుంది. నేను మిల్లులో చేసిందంతా మొదటి రకమే, కాకపోతే నేను బల్ల దగ్గర ఉండేవాణ్ణి కాబట్టి ఆపాల్సిన అవసరం రాలేదు.

డాక్టరు గారు మొహానికి వ్యాయామాలు చెప్పారు. అద్దం ముందు కూర్చుని మెల్లగా, బలవంతం చెయ్యకుండా, 'ఈ' అనాలి, 'ఊ' అనాలి, బుగ్గలు పూరించాలి, కొవ్వొత్తి ఊదాలి, నవ్వాలి. మిగతావి ఎలాగో చేశాను. నవ్వు దగ్గరే చిక్కు. ఒంటరిగా అద్దంలో చూస్తూ నవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. అందరి మీదా వేసిన జోకులు వందలున్నాయి, ఎదురుగా నేనొక్కణ్ణే ఉంటే ఒక్కటీ పనికిరాలేదు. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి "నాన్నా, నవ్వే యోగా ఉంది, చెయ్యి" అంది. 1995లో ముంబయిలో మదన్ కటారియా అనే డాక్టరు అయిదుగురితో పార్కులో మొదలుపెట్టారట, ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నారు. మేడ మీద ఒక పొద్దున్న హో హో, హా హా అన్నాను. పక్కింటాయన చెంబు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. దాంతో అది ఆపేశాను. నలుగురితో చేసేవాళ్ళకి బాగానే ఉంటుందనుకుంటాను.

చివరికి మా ఆవిడ అద్దం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. నేను 'ఊ' అంటే ఆవిడా 'ఊ' అనేది, అదీ వంకరగా. సాయంత్రాలు టీవీలో జంధ్యాల సినిమాలు. 1987లో వచ్చిన 'అహ నా పెళ్ళంట'లో కోట శ్రీనివాసరావు కోడిని దూలానికి వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు కదా. కోళ్ళ ఫారాల మధ్య బతుకుతున్నాం, గుడ్లు లారీల్లో పోతాయి మా రోడ్డు మీద, మాకే ఆ కోడిని చూస్తే నవ్వు ఆగలేదు. ఆ సినిమా వచ్చినప్పుడు స్నేహితులతో వెళ్ళి చూసొచ్చాను. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూడటం అదే మొదలు.

అమ్మాయి ఫోనుకి ఏవేవో పంపేది, లెక్కల మనిషిని కదా, అంకెలున్నవి చదివేవాణ్ణి. రాబర్ట్ ప్రొవైన్ అని అమెరికాలో ఒక శాస్త్రవేత్త బజార్లలో, వీధుల్లో చెవులు రిక్కించి 1,200 నవ్వులు పోగుచేశాడట. వాటిలో జోకు అనదగ్గ మాటకి వచ్చినవి 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ "ఏమోయ్, ఎక్కడికి?" లాంటి ఉత్త మాటలకి వచ్చినవే. ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో 30 రెట్లు ఎక్కువ నవ్వుతారని కూడా ఆయన లెక్క. అంటే మేక తొంగిచూస్తే నవ్వే మా ఆవిడే మామూలు మనిషి. జోకు తయారుచేసుకుని టీ కొట్టుకి వెళ్ళేవాణ్ణి నేనే తేడా. 1862లో ద్యుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు మొహం కండరాల మీద పుస్తకం రాస్తూ, పెదాలు మనం చెప్పినట్టు వింటాయి గానీ కంటి చుట్టూ ఉన్న కండరం నిజమైన సంతోషానికే కదులుతుందన్నాడు. ఇది చదివి మా పాత ఫొటోల పెట్టె తీశాను. టీ కొట్టు దగ్గర, మిల్లు పూజలో, పెళ్ళిళ్ళలో, ఎన్ని ఫొటోలో. అన్నిట్లోనూ పెదాలు నవ్వుతున్నాయి.

ఒకటి చెప్పాలి. నవ్వితే నా నరం బాగుపడిందని నేను అనను. మాత్రలూ, కాలమూ బాగుచేశాయి. నార్మన్ కజిన్స్ అనే అమెరికా పాత్రికేయుడు వెన్నుపూస జబ్బుతో మంచాన పడి, హాస్యం సినిమాలు వేయించుకుని చూశాడు. పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్రపట్టేదని 1976లో పేరున్న వైద్య పత్రికలోనే రాశాడు. అది ఒక్క మనిషి అనుభవం, విటమిన్ సి కూడా బాగా ఎక్కించుకున్నాడు. ఆక్స్‌ఫర్డులో రాబిన్ డన్‌బార్ బృందం చేసిన పరీక్షల్లో మాత్రం, నలుగురితో కలిసి గట్టిగా నవ్వాక మనుషులు నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకున్నారని తేలింది. అది నేను నమ్ముతాను. రాత్రి కంటికి ప్లాస్టరు వేస్తూ ఆవిడ "దొంగలొస్తే ఈ కన్నొక్కటీ తెరిచి పడుకోండి" అంటే, భయం కొంచెం అవతలికి జరిగేది. భయం జరిగితే నిద్రపట్టేది. నాకు తెలిసిన వైద్యం అంతవరకే.

మూడో వారంలో ఎడమ కనుబొమ కొద్దిగా ఎగిరింది. శివరాత్రికి 'బస్తా' వచ్చింది. ఉగాది నాటికి పచ్చడి ఒలక్కుండా తిన్నాను. యజమాని "ఇప్పుడు బస్తాలు వస్తున్నాయి" అన్నారు. ఇప్పటికీ అలిసిపోతే ఎడమ పెదవి అర క్షణం ఆలస్యంగా వస్తుంది. మొన్న తాపేశ్వరంలో కాజాలు కొనుక్కుని, అక్కడే ఒకటి కొరికితే మడతల్లోంచి పాకం ఎడమ పక్కనుంచి గడ్డం మీదికి కారింది. మా ఆవిడ నడిరోడ్డు మీద నిలబడి నవ్వింది. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

టీ కొట్టుకి ఇప్పుడూ వెళ్తున్నాను. కుర్చీలు అంత దగ్గరికి జరగవు. నా గురించే చెప్పుకుంటున్నాను, వంకర మూతి కథ ఇప్పటికి వందసార్లు చెప్పుంటాను. అప్పుడప్పుడు నాలిక చివర ఎవరి మీదో ఒకటి వచ్చి ఆగుతుంది. ఒకటి రెండు జారిపోయాయి కూడా, అబద్ధం ఎందుకు.

మూతి వంకరపోయిన ఆ సంవత్సరమే శ్రావణంలో ఆ కుర్రాడి ఆచూకీ కనుక్కుని వెళ్ళాను. అప్పటికి కుర్రాడు కాదు, ముప్ఫై దాటాయి, రామచంద్రపురం వైపు ఒక ఊళ్ళో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, "రండి గుమాస్తా గారూ" అన్నాడు, కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. వాళ్ళ నాన్న రెండేళ్ళ కింద పోయారట. చెప్పాల్సింది చెప్పాను. మీటరు సంగతీ, పేరు సంగతీ, వాళ్ళ నాన్నని టీ కొట్టులో అనుకరించిన సంగతీ. చివరిది అతనికి తెలీదు. నేను చెప్పేదాకా తెలీదు. చెప్పి ఉండకూడదేమో, ఇప్పటికీ తేలలేదు.

అతను నవ్వలేదు. తిట్టలేదు. "పర్లేదండి, ఎప్పటిదో కదండి" అని గల్లాపెట్టె మీద దుమ్ము దులిపాడు. నా మూతి ఎలా ఉందని అడిగాడు, ఎవరో చెప్పారట. తగ్గిందన్నాను. ఇద్దరు రైతులు యూరియాకి వచ్చారు. నేను లేచి చెయ్యి చాచాను. అతను ముందు తన అరచేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. అప్పుడు ఇచ్చాడు.